బాలనేరస్థుల పర్యవేక్షణ: ఖర్చు ఎవరి నెత్తిన?

రెంటచింతల పేరు పత్రికలకు ఎక్కేది ఎక్కువగా ఎండాకాలంలోనే. రాష్ట్రంలో ఏ ఊళ్ళో ఎండ ఎక్కువ కాసిందని లెక్క తీసినప్పుడల్లా మన ఊరు ముందు వరసలో ఉంటుంది. మిగతా రోజుల్లో ఈ ఊరూ, దీని చుట్టుపక్కల పల్లెలూ ఏ అవస్థ పడుతున్నదీ పట్టించుకునే నాథుడు కనపడడు. అలా ఎవరి దృష్టికీ రాని అవస్థ ఒకటుంది. అది కేసుల్లో ఇరుక్కున్న పిల్లల సంగతి.

పద్దెనిమిదేళ్ళు నిండని కుర్రవాడి మీద ఫిర్యాదు వస్తుంది. వాడు నేరం చేశాడో లేదో ఇంకా తేలలేదు. తేలేలోగా వాడిని ఇంటికి పంపాలా, అబ్జర్వేషన్ హోంలో ఉంచాలా? ఇంటికి పంపితే వాడి మీద ఒక కన్ను వేసి ఉంచేది ఎవరు? అందుకు అయ్యే ఖర్చు ఎవరిది? మొదటి రెండు ప్రశ్నలకూ చట్టంలో జవాబు ఉంది. మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చాలామంది నోట వినపడేది ఒకటే మాట. కన్నవాళ్ళే కట్టుకోవాలి, మన పన్నుల డబ్బు దొంగపిల్లల వెనక తిరగడానికా అని. ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. బోరు మోటారు రాగి తీగ పోగొట్టుకున్న రైతు, కల్లంలో మిరపకాయల టిక్కీ రాత్రికి రాత్రి మాయమైన రైతు అలా అనడంలో వింత లేదు. కాని ఆ మాట ప్రకారం నడిస్తే చివరకు నష్టపోయేది ఆ రైతే. పైగా, రుసుము అన్న పేరు లేకుండానే ఆ కన్నవాళ్ళ దగ్గర ఇప్పటికే చాలా వసూలవుతోంది.

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2015 నాటి బాలల న్యాయ చట్టం 2016 జనవరి 15 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం బాలుడి కేసు మామూలు కోర్టుకు పోదు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు కలిసిన బోర్డు ముందుకు పోతుంది. ఆ ఇద్దరిలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. పట్టుకున్న పిల్లవాడిని ప్రయాణ సమయం పోను 24 గంటలలోగా బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డు ఆ రోజు కూర్చోకపోతే ఒక సభ్యుడి ముందైనా హాజరుపరచవచ్చు. లాకప్పులో గాని జైల్లో గాని పెట్టరాదు. ఇక 12వ సెక్షన్ ప్రకారం, నేరం బెయిలుకు వీలైనదైనా కాకపోయినా, బాలుడిని పూచీకత్తుతో గాని, అది లేకుండా గాని వదిలిపెట్టాలి. లేదా ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో గాని, తగిన వ్యక్తి సంరక్షణలో గాని ఉంచాలి. వద్దనడానికి మూడే కారణాలు చెప్పారు. వదిలితే పేరుమోసిన నేరస్థులతో కలుస్తాడనో, వాడికే నైతికంగా, శారీరకంగా, మానసికంగా ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో నమ్మడానికి ఆధారం ఉండాలి. ఆ కారణమేదో బోర్డు కాగితం మీద పెట్టాలి.

ఇది కాగితం మీది ముచ్చటే కదా అని కొట్టిపారేయనక్కరలేదు. రాజస్థాన్‌లో ఒక బాలుడు ఏడాదికి పైగా నిర్బంధంలో ఉండిపోతే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ సెక్షనే చూపించి వాడిని పూచీకత్తు లేకుండా వదలమన్నది. ఈ మూడు కారణాలలో ఏది ఉందో కింది వాళ్ళు రాయకుండానే బెయిలు నిరాకరించడం తప్పన్నది. వాడిని ప్రొబేషన్ అధికారి కనిపెట్టి ఉండి ఎప్పటికప్పుడు నివేదిక ఇవ్వాలన్నది. ఆ పర్యవేక్షణకు కుటుంబం ఇంత కట్టాలని మాత్రం అనలేదు. చట్టమూ అనదు.

మరి వసూలవుతోందన్నది ఏమిటి? ఒక కుర్రవాడిని ఉదాహరణగా అనుకుందాం. రెంటచింతల మండలంలో ఏదో ఒక ఊరు. వయస్సు పదహారు. తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది. రాగి తీగ దొంగతనంలో మరో ఇద్దరితో పాటు వీడి పేరు కూడా చెప్పారు. దొంగతనానికి శిక్ష మూడేళ్ళకు మించదు కాబట్టి చట్టం దృష్టిలో ఇది చిన్న నేరం. ఇలాంటి చిన్న నేరాలలో, పెద్దవాళ్ళతో కలిసి చేశాడన్న ఆరోపణ లేనప్పుడు, ఎఫ్.ఐ.ఆర్. కట్టకుండా సంగతి రోజువారీ డైరీలో రాసుకుని, పిల్లవాడి ఇంటి స్థితిగతులతో బోర్డుకు నివేదిక పంపాలని 2016 నాటి నమూనా నిబంధనలు చెబుతున్నాయి. సరే, బోర్డు వాడిని తల్లి వెంట పంపి, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో పెట్టిందనుకుందాం. నెలకు రెండుసార్లు వచ్చి కనపడమన్నారు.

ఎక్కడికి రావాలి? జిల్లా కేంద్రానికి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట మనకు కేంద్రమయింది. అంతకు ముందు ఇలాంటి ప్రతి పనికీ గుంటూరు పరుగెత్తడమే, అది వందకు పైగా కిలోమీటర్ల దూరం. జిల్లా చీలాక దూరం తగ్గిన మాట నిజమే. కాని రెంటచింతల నుంచి బయలుదేరినవాళ్ళకు నరసరావుపేట కూడా ఒక పూటలో పోయి వచ్చే దూరం కాదు. తెల్లవారక ముందే లేచి, దాచేపల్లి, పిడుగురాళ్ళ దాటుకుని వెళ్ళి, అక్కడ ఆఫీసు వరండాలో నిలబడి, దొర ఏ మీటింగులో ఉన్నారో తెలుసుకుని, సంతకం పెట్టి, చీకటి పడ్డాక ఇల్లు చేరాలి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. ఆ మేరకు ప్రభుత్వానికి దండం పెట్టాల్సిందే. తల్లికి టిక్కెట్టు లేకపోయినా కొడుక్కు ఉంది. పైగా తల్లి ఆ రోజు కూలి పోగొట్టుకుంది. మిరప కోతల రోజుల్లో ఒక రోజు మానేస్తే మేస్త్రీ మర్నాడు ముఠాలో చేర్చుకుంటాడన్న నమ్మకం కూడా లేదు.

నాలుగు నెలల్లో విచారణ ముగించాలని చట్టంలో ఉంది. కారణం రాసి మరో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. నాలుగు నెలలే అనుకున్నా నెలకు రెండు చొప్పున ఎనిమిది ప్రయాణాలు. బోర్డు వాయిదాలు వేరే. ఎనిమిది రోజుల కూలి, ఎనిమిది రోజుల బడి. కుర్రవాడు పదో తరగతి చదువుతుంటే ఆ ఎనిమిది రోజులకు మేష్టారికి ఏం చెప్పాలి? నిజం చెబితే ఊరంతా తెలుస్తుంది. బాలుడి పేరు, బడి, ఊరు బయటపెట్టరాదని 74వ సెక్షన్ పత్రికలను సైతం కట్టడి చేస్తోంది. పత్రిక రాయకపోతేనేం, నెలకు రెండుసార్లు బస్సెక్కే తల్లీకొడుకులను చూసి ఊరే రాసుకుంటుంది.

ఇక పూచీకత్తు అడిగితే మరో తంతు. పూచీ ఇచ్చే మనిషి కావాలి. ఆయన పట్టాదారు పాస్ పుస్తకం గాని, ఇంటి పన్ను రసీదు గాని కావాలి. ఆయన ఒక రోజు పని మానుకుని వస్తాడు కాబట్టి రాకపోకలు, కాఫీ ఫలహారాలు, మధ్యాహ్నం భోజనం వీళ్ళవే. కాగితాలు రాసిపెట్టే వారికి ఇంత. సెంటు భూమి లేని ఇంటికి పూచీ పడేవాడు ఊరికే దొరకడు. దొరికితే వడ్డీలాంటిదేదో ఉంటుంది, ఆ ఏడాదంతా ఆయన పొలంలో ముందు పని చేయడం లాంటిది. ఇదంతా రుసుము కాదా?

ఈ సందర్భంలో 1978 నాటి ఒక తీర్పును గుర్తు చేసుకోవాలి. మధ్యప్రదేశ్‌లో మోతీరాం అనే తాపీ పనివాడికి బెయిలు వచ్చింది గాని, కింది కోర్టు పదివేల రూపాయల పూచీ అడిగింది. అన్న పూచీ ఇస్తానని వస్తే, ఆయనా ఆయన ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని కాదన్నారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ పద్ధతిని ఎండగట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీ మీద అతడిని వదలమన్నారు. దూర ప్రాంతంలో పట్టుబడిన ఆంధ్రుడు అక్కడ పూచీదారుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాడని కూడా ఆ తీర్పులో ప్రస్తావించారు. అది పెద్దవాళ్ళ సంగతి. పెద్దవాళ్ళకే తగదన్న పని పిల్లల విషయంలో ఎలా తగుతుంది?

అయితే ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కన్నవాళ్ళ చేత కొంత కట్టించాలన్న ఆలోచన మన చట్టాలకు కొత్త కాదు. 1986 నాటి బాలల న్యాయ చట్టంలో, హోంకు పంపిన పిల్లవాడి పోషణకు తల్లిదండ్రులు వంతు ఇవ్వాలని ఆదేశించే వీలుండేది. కాని అందులో రెండు షరతులు ఉన్నాయి. ఇచ్చుకునే స్తోమతు ఉంటేనే, వాళ్ళ స్థితి ఏమిటో ముందు విచారించిన మీదటే. ఇప్పటి చట్టం 18వ సెక్షన్‌లో కూడా పిల్లవాడు గాని తల్లిదండ్రులు గాని జరిమానా కట్టాలని బోర్డు ఆదేశించవచ్చు. అది నేరం చేశాడని విచారణలో తేలిన తర్వాతి మాట. తేలక ముందు? పిల్లవాడు నిర్దోషి అనే భావనతోనే మొదలు పెట్టాలని చట్టం తన మూల సూత్రాలలో మొట్టమొదటిదిగా రాసుకుంది. నిర్దోషి అనుకుంటున్న వాడిని కనిపెట్టి ఉన్నందుకు వాడి తల్లి దగ్గర డబ్బు తీసుకోవడం ఏ లెక్కలోకి వస్తుంది? రేపు బోర్డు వాడి తప్పు లేదంటే ఆ డబ్బు వాపసు ఇస్తారా? ఇచ్చినా, ఆ తల్లి డబ్బు కోసం ఎవరి దగ్గర అప్పు చేసిందో, ఆ వడ్డీ ఎవరిస్తారు?

ఇంకో ప్రశ్న ఉంది, అది లెక్కల ప్రశ్న. కట్టలేకపోతే ఏం చేస్తారు? షరతు తప్పాడని హోంకు పంపుతారా? అక్కడ వాడి తిండీ, బట్టా, పడకా, కాపలా అన్నీ ప్రభుత్వ ఖర్చే. నాలుగు రూకలు రాబట్టడానికి పోయి నలభై ఖర్చు పెట్టుకోవడమవుతుంది. వసూలుకు గుమాస్తా, రసీదు పుస్తకం, బాకీ నోటీసు మళ్ళీ అదనం. అందుకే కాబోలు, షరతులు తీర్చలేక ఏడు రోజులు దాటితే బాలుడిని మళ్ళీ బోర్డు ముందుకు తెచ్చి షరతులు సడలించాలని 12వ సెక్షన్‌లోనే రాశారు. ఈ ఏడు రోజుల సంగతి మన పల్లెల్లో ఎందరికి తెలుసు?

రుసుము పెట్టి చూసిన దేశం లేకపోలేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని కౌంటీలు, అంటే మన జిల్లాల వంటివి, ఏళ్ళ తరబడి ఈ పని చేశాయి. పిల్లవాడు నిర్బంధంలో ఉన్న ప్రతి రాత్రికీ ఇంత, ప్రొబేషన్ పర్యవేక్షణకు ఇంత, సర్కారు వకీలుకు ఇంత, కాలికి కట్టే కనిపెట్టు పట్టీకి రోజుకు ఇంత అని తల్లిదండ్రులకు బిల్లులు పంపాయి. ఆరెంజ్ కౌంటీలో ఒక తల్లికి కొడుకు నిర్బంధం తాలూకు బిల్లు 16,372 డాలర్లు వచ్చింది. ఆమె ఇల్లు అమ్ముకుని 9,508 డాలర్లు కట్టింది. అయినా బాకీ తీరలేదు. చివరకు దివాలా కోర్టు దాకా పోయింది. అక్కడ కూడా కౌంటీ వదలకపోతే, 2016లో పై కోర్టు ఆమె వైపు తీర్పు చెప్పింది. అదే ఏడాది అలమీడా కౌంటీ ఈ రుసుములు నిలిపివేసింది. మన తెలుగువాళ్ళు విస్తారంగా ఉండే ఫ్రీమాంట్ ఆ కౌంటీలోనిదే. 2017లో రాష్ట్రం మొత్తానికి చట్టం చేసి, 2018 జనవరి 1 నుంచి పిల్లల కేసుల్లో కొత్తగా రుసుములు వేయడం మాన్పించారు. కాంట్రా కోస్టా అనే మరో కౌంటీ తప్పుగా వసూలు చేసిన సొమ్మును కుటుంబాలకు తిరిగి ఇవ్వడానికి పూనుకుంది. పాత బాకీల రద్దుకు 2020లో మరో చట్టం వచ్చింది. అంత సిరిసంపదలున్న చోటే ఈ లెక్క కుదరలేదు. రెంటచింతలలో కుదురుతుందా?

కాలి పట్టీ ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క మాట. ఇటువంటి యంత్రాలు మన దేశంలోకి కూడా వస్తున్నాయి. వాటితో పర్యవేక్షణ చవకగా తేలుతుందని ఆశపడేవాళ్ళున్నారు. నిందితుడు ఎక్కడున్నాడో ఫోన్‌లోని మ్యాప్ ద్వారా పోలీసులకు ఎప్పుడూ తెలిసేలా ఉంచాలన్న బెయిలు షరతు చెల్లదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. యంత్రం కుర్రవాడు ఎక్కడున్నాడో చెబుతుంది. బడికి ఎందుకు పోవడం లేదో చెప్పదు.

పోలీసు స్టేషన్‌కు పోయి హాజరు వేయించుకోవడమే పర్యవేక్షణ అని మన వాళ్ళలో ఒక భావం పాతుకుపోయింది. దానికి చరిత్ర ఉంది. తెల్లవాళ్ళ హయాంలో నేరస్థ తెగల చట్టం కింద కొన్ని కులాల మొత్తాన్నే దొంగలుగా రాసిపెట్టి, హాజరీ పుచ్చుకునేవారు. పాత గుంటూరు జిల్లాలోని స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. చట్టం పోయినా అలవాటు పోలేదు. ఊళ్ళో ఏదైనా పోతే ముందు ఏ గుడిసెల వైపు చూస్తారో మనకు తెలియనిది కాదు. ఆ గుడిసెల పిల్లలకే రుసుము బాకీ పడేదీ, ఆ గుడిసెల ముందే జీపు ఆగేదీ.

నిజానికి మద్రాసు రాష్ట్రం ఈ విషయంలో దేశానికి దారి చూపింది. 1920లోనే ఇక్కడ బాలల చట్టం వచ్చింది. బెంగాల్, బొంబాయి ఆ తర్వాత వచ్చాయి. మన పల్నాడు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే. అంటే పిల్లవాడి తప్పును పిల్లవాడి తప్పుగా చూడాలన్న ఆలోచన మన గడ్డ మీద నూరేళ్ళకు పైబడినది. ఇంకా వెనక్కి పోదామంటే, బాలచంద్రుడు ఆడిన బొంగరం ఒక ఇల్లాలి పాదానికి తగిలి గాయమైన కథ ఇక్కడ ఎవరికి తెలియదు? ఆమె నిష్ఠూరమాడింది గాని కొత్వాలును పిలవలేదు.

పోతే, పల్నాడుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. దాన్ని దాటవేస్తే ఈ చర్చకు అర్థం లేదు. ఇది కక్షల సీమ. ఊళ్ళో రెండు వర్గాలు కొట్టుకుంటే ఫిర్యాదులో ఎదుటి వర్గం ఇంటి మగవాళ్ళందరి పేర్లూ ఎక్కించడం ఇక్కడ కొత్త కాదు. ఆ వరసలో మీసం రాని కుర్రవాడి పేరు కూడా చేరుతుంది. కొన్నిసార్లు వాడు నిజంగానే కర్ర పట్టుకుని ఉంటాడు, పెద్దలు పట్టించి ఉంటారు. పెద్దవాళ్ళతో కలిపి బాలుడిని విచారించరాదని చట్టం అడ్డుకట్ట వేసింది. మంచిదే. కాని బోర్డు వాడిని ఇంటికి పంపితే ఏ ఇంటికి పంపినట్టు? కక్ష రగులుతున్న ఇంటికే. ఎదుటి వర్గం వాళ్ళు వాడి కోసం కాచుకుని ఉండవచ్చు. సొంత వర్గం వాళ్ళు వాడిని వీరుణ్ణి చేసి మళ్ళీ ముందుకు తోయవచ్చు. వాడికే ప్రమాదమని బోర్డు భావించి హోంలో ఉంచేయడానికి ఇక్కడ కారణం సులువుగా దొరుకుతుంది. అలా ఉంచితే తప్పనలేం.

అయితే చట్టంలో మధ్యే మార్గం ఉంది. అదే తగిన వ్యక్తి సంరక్షణ. కుర్రవాడి మేనమామ వేరే మండలంలో, వేరే వర్గాల గొడవ లేని ఊళ్ళో ఉంటాడనుకుందాం. బోర్డు ఆయన మంచిచెడ్డలు విచారించి, తగిన వ్యక్తిగా గుర్తించి, పిల్లవాడిని అక్కడ ఉంచవచ్చు. బడి అక్కడికి మార్పించవచ్చు. హోంలో కన్నా మేలు, ఊళ్ళో కన్నా క్షేమం. కాని మేనమామ ఇంట ఆరు నెలలు అదనపు కంచం పెట్టాలంటే ఆయనకూ ఆలోచనే. ఇక్కడ మళ్ళీ రుసుము అంటే మేనమామ చేతులెత్తేస్తాడు. ప్రొబేషన్ అధికారి నెలకొకసారి ఆ ఊరు పోయి చూసి వస్తే గాని ఈ ఏర్పాటు నిలవదు. అంటే ఖర్చు పెట్టవలసింది ఆయన ప్రయాణానికి. కుటుంబం ప్రయాణానికి కాదు.

ఈ విషయంలోనే ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుంది. కేంద్రం, రాష్ట్రం 60, 40 వంతులుగా భరించే మిషన్ వాత్సల్య పథకం కింద జిల్లా బాలల సంరక్షణ విభాగానికి న్యాయ, ప్రొబేషన్ అధికారి పోస్టు ఒక్కటే. పల్నాడు జిల్లాలో మండలాలు 28. శాఖాపరంగా ఉండే ప్రొబేషన్ అధికారిని కలుపుకున్నా వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పట్టుకున్న సంగతి అందిన రెండు వారాల్లో వాళ్ళు ప్రతి బాలుడి ఇల్లూ వాకిలీ చూసి, చదువు సంధ్యలు కనుక్కుని, బోర్డుకు నివేదిక ఇవ్వాలి. మాచర్ల అవతల సాగర్ గట్టు దాకా, ఇటు కృష్ణ ఒడ్డు దాకా ఒక మనిషి ఎలా తిరగగలడు? తిరగలేడు కాబట్టి పిల్లవాడినే తిప్పుతున్నారు. ఇందులో అధికారి తప్పు పట్టనక్కరలేదు. ఒక జిల్లాకు ఒక మనిషి చాలునని రాసిన వాళ్ళను అడగాలి.

పిల్లల కేసులు ఏళ్ళ తరబడి నానరాదని 1986లోనే షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడేళ్ళకు మించని శిక్ష ఉన్న నేరాలలో దర్యాప్తు మూడు నెలల్లో, విచారణ ఆరు నెలల్లో ముగియాలన్నది. ఇప్పటి చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. చిన్న నేరంలో పొడిగించిన గడువు కూడా దాటిపోతే కేసు అంతటితో ముగిసినట్టే. అంటే మన ఉదాహరణలోని రాగి తీగ కుర్రవాడి కేసు ఆరు నెలల్లో తేలకపోతే దానంతట అదే పోతుంది. అప్పటిదాకా ఆ తల్లి పోగొట్టుకున్న కూలి మాత్రం పోయినట్టే. తీగ పోగొట్టుకున్న రైతుకు కూడా ఒరిగింది లేదు. పిల్లవాడు బడి మానేశాడు, ఎవరూ కనిపెట్టి ఉండలేదు, రేపు ఇంకో పొలం మీద పడతాడు. రైతుకు నష్టమన్నది ఇందుకే. ఆయనకు కావలసింది కుర్రవాడి తల్లి దగ్గర వసూలైన నాలుగు వందలు కాదు. తన మోటారు మళ్ళీ పోకుండా ఉండడం.

చేయదగిన పనులు గగనకుసుమాలేమీ కావు. రాష్ట్రం బాలల న్యాయ నిధి ఏర్పాటు చేసుకోవచ్చునని, అందులో విరాళాలు కూడా చేర్చవచ్చునని చట్టం 105వ సెక్షన్‌లో ఉంది. ఆ నిధి పిల్లల సంక్షేమానికే. బోర్డు ముందుకు వచ్చిపోయే పిల్లవాడికీ, వెంట వచ్చే పెద్దకూ ఆ నిధి నుంచి దారి ఖర్చూ, ఒక రోజు కూలీ చేతికిస్తే తప్పేముంది? సాక్షికి బత్తా ఇవ్వడం కోర్టుల్లో ఎప్పటి నుంచో ఉన్నదే.

తగిన వ్యక్తుల జాబితా ఒకటి మండలాల వారీగా తయారు చేయాలి. మన దగ్గర మనుషులకు కొదవ లేదు. రిటైరైన మేష్టర్లున్నారు. చర్చి ఫాదర్లున్నారు, సిస్టర్లున్నారు. పని నేర్పే మెకానిక్కు షాపుల వాళ్ళున్నారు. వీళ్ళలో ఏ వర్గానికీ చెందని వాళ్ళను ఏరుకోవడమే కొంచెం కష్టం, పల్నాడులో ఆ మాట చెప్పకుండా ఉండలేం. ముందుగా విచారించి పెట్టుకుంటే, కేసు వచ్చిన రోజున బోర్డు తడుముకోనక్కరలేదు. వాళ్ళకు కొద్దో గొప్పో దారి ఖర్చు ఇచ్చినా హోంలో ఒక పిల్లవాడిని ఉంచే ఖర్చులో అది ఏ మూలకు?

ఉచిత న్యాయ సహాయం సంగతి కూడా ఊళ్ళకు చేరాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా ఇవ్వాలి. 15100 నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు. పిల్లల ఆపదలకు 1098 ఉండనే ఉంది. ఈ రెండు నంబర్లూ, పైన చెప్పిన ఏడు రోజుల నిబంధనా ప్రతి పోలీసు స్టేషన్‌లో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టడానికి ఏ బడ్జెట్టూ అక్కరలేదు. డబ్బా రంగు చాలు.

అన్నిటి కన్నా ముందు జరగవలసింది, అధికారి మన దగ్గరికి రావడం. బోర్డు కోర్టు ఆవరణలో గాని జైలు ఆవరణలో గాని కూర్చోరాదని నిబంధన ఉంది కాబట్టి గురజాల కోర్టులో కూర్చోమని అడగడం లేదు. అడిగేది ప్రొబేషన్ అధికారిని. నెలకు రెండు రోజులు గురజాలలో ఒక రోజు, మాచర్లలో ఒక రోజు మకాం పెడితే రెంటచింతల, దుర్గి, కారెంపూడి, వెల్దుర్తి వాళ్ళకు అరపూట పనితో పోతుంది. బడి వదిలాక సాయంత్రం పెడితే పిల్లవాడు బడి కూడా మాననక్కరలేదు. బోర్డులో పెండింగు కేసులను చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటు మూడు నెలలకొకసారి సమీక్షించాలని చట్టంలో ఉంది. ఆ సమీక్షలో ఒక్కో పిల్లవాడు ఎన్నిసార్లు, ఎంత దూరం నుంచి వచ్చిపోయాడన్న లెక్క కూడా తెప్పించుకుంటే చాలా సంగతులు బయటపడతాయి. జిల్లా కలెక్టరు గారు కూడా 2021 నాటి సవరణ తర్వాత ఈ వివరాలు అడిగే అధికారం గలవారే.

మకాం తేదీలు ముందుగా మండల కార్యాలయం గోడ మీద రాయించాలి. తేదీ, వేళ, చోటు మాత్రమే రాయాలి. ఎవరెవరు రావాలన్నది అధికారి డైరీలో ఉండాలి గాని గోడ మీద కాదు. ఆ రోజు అక్కడికి పోలీసులు రావలసి వస్తే ఖాకీ బట్టల్లో రాకూడదు.